విశ్వాసి పాపం చేస్తే దేవునితో సంబంధం ఏమవుతుంది?

రక్షణ పొందిన క్రైస్తవుడు పాపంలో పడితే దేవునితో అతని బంధం తెగిపోతుందా అన్నది ప్రశ్న. సంఘాల మధ్య దీనిపై అభిప్రాయభేదం ఉన్నా, బంధం నిలిచే ఉంటుందని, దెబ్బతినేది సహవాసమేనని, అంటే ఆయనతో ఉండే దగ్గరితనమేనని, చాలామంది బాప్టిస్టు బోధకులు చెబుతారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలువను చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. గొట్టా బ్యారేజీ దగ్గర నీరు నిండుగా ఉన్నా, కాలువలో పూడిక, గుర్రపుడెక్క పేరుకుపోతే శివారు పొలానికి చుక్క కూడా చేరదు. లోపం నదిది కాదు. యెషయా 59వ అధ్యాయం మొదటి రెండు వచనాల సారమూ ఇదే: రక్షించలేనంతగా దేవుని చెయ్యి కురచ కాలేదు, మన దోషాలే అడ్డుగా నిలిచాయి.

ఆ అడ్డు ముందుగా ప్రార్థనలో బయటపడుతుంది. పొలం గట్టును జానెడు అవతలికి జరిపి, తమ్ముడితో మాటలు మానేసిన మనిషి ఆదివారం, యేసు మరణాన్ని తలచుకుని సంఘం రొట్టె పంచుకునే ప్రభు బల్ల దగ్గర, రొట్టె అందుకుంటున్నప్పుడు, పెదవులు ప్రార్థిస్తున్నా మనసు ఆ గట్టు మీదే ఉంటుంది. అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి, మొదట సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24లో యేసు చెప్పింది ఇలాంటివారికే. పాపం గురించి మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయని, ఒప్పుకున్నాక క్షమాపణ దొరికిందని 32వ కీర్తనలో దావీదు అంటాడు. చేసిన పాపం కన్నా దాన్ని దాచడమే మనిషిని ఎక్కువ దూరం చేస్తుందేమో.

ఒప్పుకుంటే దేవుడు క్షమించి పవిత్రులను చేస్తాడని 1 యోహాను 1:9 చెబుతుంది. అయితే ఆ ఒప్పుకోలులో, జరిపిన గట్టును తిరిగి పాత హద్దుకు చేర్చడం కూడా భాగమే.