ఆ ఫాయిల్ మీద ఏ నంబరు ఉంది?

ప్రశ్న: వరంగల్ ఏనుమాముల దగ్గర మాది చిన్న విత్తనాల దుకాణం. 19 నెలల కింద బ్యాంకు కౌంటర్‌లో నా కరెంట్ ఖాతాకు 85,000 రూపాయలు కట్టిన. అవి వేరే అతని ఖాతాలో పడ్డాయి. 'అతను తిరిగి కట్టగానే మీకు వేస్తాం' అని మేనేజర్ తిప్పుతున్నాడు. ఇంట్లో రోజూ గొడవే, నిద్ర పడతలేదు. అదే బ్యాంకులో నా లోన్ కిస్తీలు ఆపేసి చెల్లుకు చెల్లు చేసుకోవచ్చా?

జవాబు: ఇంత రాశారు గానీ అసలు సంగతి రాయలేదు. కౌంటర్ ఫాయిల్, అంటే డబ్బు కట్టినప్పుడు చించి మీకిచ్చిన రసీదు ముక్క, దాని మీదున్న ఖాతా నంబరు మీదేనా? మీదే అయి, బ్యాంకు ముద్ర ఉంటే తప్పు బ్యాంకుది, అతను కట్టినా కట్టకపోయినా మీ డబ్బు మీకు ఇవ్వాల్సిందే. పొరపాటున అందిన సొమ్ము తిరిగివ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 ఉంది, దాన్ని పట్టుకుని అతని వెంట పడాల్సింది బ్యాంకు, మీరు కాదు. నంబరు మీరే తప్పు రాసి ఉంటే మాత్రం కేసు తిరగబడుతుంది, అప్పుడు మీ దావా అతని మీదే.

19 నెలలు తిరిగి ఒక్క కాగితం కూడా రాసివ్వకపోవడం ఏమిటండీ? నోటి మాటతో కేసు వేసే గడువు పెరగదు, ఆ మేనేజర్ రేపు బదిలీ అయితే ఆ మాట కూడా ఉండదు. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం గడువు 2 ఏళ్లు, అంటే మీకు మిగిలింది 5 నెలలే.

కిస్తీలు ఆపే ఆలోచన ఇవాళే మానుకోండి. 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీ అవుతుంది, అప్పు తీర్చే తీరుకు ఇచ్చే సిబిల్ స్కోరు పాడవుతుంది, తప్పు చేసిన బ్యాంకే మీకు నోటీసు పంపుతుంది.

ముందు ఫాయిల్‌ను రెండు జిరాక్సులు తీసి, అసలుది బయటికి ఇవ్వకండి. మీరు కట్టిన రోజు బ్యాంకు తన దగ్గర ఉంచుకున్న ఓచర్‌ను (ఆ చలానా మిగతా సగాన్ని) భద్రపరచాలని కూడా కోరుతూ బ్రాంచికి ఫిర్యాదు రాసి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని 2 ఏళ్లు దాటనివ్వొద్దు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, ఈ దుకాణం కుటుంబ పోషణకు మీరే నడుపుకునే స్వయం ఉపాధి అని ఫిర్యాదులో తప్పక రాయించండి. లేదంటే కరెంట్ ఖాతా గనుక వ్యాపార అవసరమని, మీరు వినియోగదారుడే కాదని బ్యాంకు వకీలు మొదటి వాయిదాలోనే అడ్డం పడతాడు.