గని షేరు కొంటే ఉపగ్రహం వచ్చింది!

ప్రశ్న: పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బంగారం నిక్షేపాలు వెతికే ఒక చిన్న కంపెనీ షేర్లు ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలో కొన్నాను. బంగారం దొరకలేదు. ఇప్పుడేమో ఆఫ్రికా, ఆసియా దేశాల్లో ఉపగ్రహాల ద్వారా ఫోన్, డేటా సర్వీసు ఇస్తామంటున్న మరో కంపెనీని కొంటున్నామని ప్రకటించారు. షేరు ఒక్కసారిగా లేచింది. ఫ్రెండ్స్ ఇంకా కొనమంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు గనికీ ఉపగ్రహానికీ సంబంధం ఏమిటండీ?
– ఒక పాఠకుడు, పెర్త్

జవాబు: ఏ సంబంధమూ లేదండీ. ఆ కంపెనీ దగ్గర మిగిలిన విలువైన వస్తువు ఒక్కటే, ఎక్స్ఛేంజీలో లిస్టయి ఉన్న పేరు. ఉపగ్రహాల వాళ్ళు సొంతంగా ఐపీఓకి (మొదటిసారి జనానికి షేర్లు అమ్మి లిస్టవడానికి) వెళ్ళకుండా మీ కంపెనీలోకి దూరుతున్నారు, చెల్లింపు కూడా ఎక్కువగా కొత్త షేర్ల రూపంలోనే ఉంటుంది కాబట్టి కాగితం మీద మీవాళ్ళు వాళ్ళను కొంటున్నట్టు కనిపించినా చివరికి పెత్తనం వాళ్ళదే అవుతుంది. ఈ దొడ్డిదారి లిస్టింగ్ నేరమేమీ కాదు, ఆస్ట్రేలియాలో బాగా అలవాటైన పనే. కంపెనీ వ్యాపారం ఇంతగా మారిపోతున్నప్పుడు వాటాదారుల ఓటు తీసుకోవాలని, కొత్తగా లిస్టయ్యే కంపెనీలాగే షరతులన్నీ మళ్ళీ నెరవేర్చాలని అక్కడి ఎక్స్ఛేంజీ పట్టుబడుతుంది.

ఇలాంటి కథ ఒకటి మన శ్రీహరికోట మీదుగానే నడిచింది. బర్ల్‌సన్ ఎనర్జీ అని అమెరికాలో చమురు, గ్యాస్ వెతికిన ఆస్ట్రేలియా లిస్టెడ్ కంపెనీ ఉండేది (గని కాదు, అయినా దారి అదే). 2016లో దాని లిస్టింగ్‌లోకి స్కై అండ్ స్పేస్ గ్లోబల్ అనే నానో ఉపగ్రహాల కంపెనీ వచ్చి చేరింది. భూమధ్యరేఖ చుట్టుపక్కల దేశాలకు సుమారు 200 బుల్లి ఉపగ్రహాలతో మాట, మెసేజ్, యంత్రాల డేటా అందిస్తామన్నారు. 2017 జూన్ 23న పీఎస్ఎల్‌వీ-సీ38 మోసుకెళ్ళిన 31 ఉపగ్రహాల్లో వీళ్ళవి మూడు: రెడ్, గ్రీన్, బ్లూ డైమండ్. అవి పని చేశాయి కూడా, వాటి ద్వారా మాటలు పంపి చూపించారు. కానీ మూడుకీ రెండు వందలకీ మధ్య కావలసిన డబ్బు సమకూరలేదు, 2020లో కంపెనీ అడ్మినిస్ట్రేటర్ల (అప్పుల్లో చిక్కిన కంపెనీని చేతిలోకి తీసుకునే బయటి నిర్వాహకుల) చేతికి వెళ్ళింది. అంటే టెక్నాలజీ ఉత్తుత్తిది కాకపోయినా వాటాదారుడు మునగొచ్చు.

కాబట్టి రాకెట్ ఫొటోలు చూసి మురిసిపోకండి. రాకెట్‌లో చోటు డబ్బిస్తే దొరుకుతుంది. దొరకనిది స్పెక్ట్రం (సిగ్నళ్ళు పంపడానికి కావలసిన రేడియో తరంగాల వాటా), ఆ తర్వాత ఏ దేశంలో అమ్మాలనుకుంటే ఆ దేశం లైసెన్సు. ఉపగ్రహానికి సరిహద్దులు లేకపోవచ్చు గానీ సర్వీసుకి ఉన్నాయి. ఉపగ్రహ ఇంటర్నెట్ అమ్మే స్టార్‌లింక్ అంతటిది ఇండియాలో 2021లో లైసెన్సు లేకుండానే ముందస్తు బుకింగులు తీసుకుంటే ప్రభుత్వం ఆపించింది, డబ్బు వాపసు ఇప్పించింది. ఆ కంపెనీకి టెలికాం శాఖ లైసెన్సు వచ్చేసరికి 2025 జూన్ అయింది. మీ కంపెనీ పేరు చెబుతున్న దేశాల్లో ఎన్నింటిలో లైసెన్సు చేతికొచ్చిందో, ఎన్నింటిలో ఉత్త అవగాహన ఒప్పందాలే ఉన్నాయో ప్రాస్పెక్టస్‌లో (షేర్లు అమ్మేముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) వెతకండి. ‘చర్చలు జరుగుతున్నాయి’ అని ఉంటే దాన్ని సున్నా కింద లెక్కేయండి.

కొత్త షేర్లు జారీ అయ్యాక మీ వాటా ఎంతకి పడిపోతుందో కూడా మీటింగ్ నోటీసులో పట్టిక వేసి ఉంటుంది, ముందు అది చూడండి. నేనైతే ఆ కాగితాలు చదవకుండా ఇంకో డాలరు పెట్టను. షేరు ఇప్పటికే లేచింది కాబట్టి కొంత అమ్మేసి పెట్టిన అసలు వెనక్కి తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: గనుల నుంచి టెలికాంకి వెళ్ళి గెలిచినవాళ్ళు అసలు లేరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉన్నారండీ, జర్మనీలో మానెస్‌మాన్. 1890లో ఉక్కు గొట్టాలతో మొదలై బొగ్గు గనులు కూడా నడిపిన సంస్థ, 1989 చివర్లో ఆ దేశపు మొదటి ప్రైవేటు మొబైల్ లైసెన్సు గెలిచి 1992లో డీ2 అనే మొబైల్ సర్వీసు మొదలుపెట్టింది. తర్వాత పదేళ్ళైనా తిరక్కుండానే, 2000లో, వోడాఫోన్ దాన్ని సుమారు 18,000 కోట్ల యూరోల విలువకి లాక్కుంది. అయితే పోలికలో తేడా గమనించండి: వాళ్ళు దిగింది సొంత దేశంలో, లైసెన్సు చేతిలో పెట్టుకుని, ఫోన్ల వ్యాపారం తెలిసిన అమెరికా కంపెనీని భాగస్వామిగా తెచ్చుకుని. పైగా అది నేల మీది టవర్ల వ్యాపారం, ఊరూరా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవచ్చు, ఒక ఊళ్ళో వచ్చిన బిల్లులతో ఇంకో ఊరికి టవరు వేయొచ్చు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకి ఆ వెసులుబాటు లేదు. అవి ఒకచోట నిలబడవు, చాలినన్ని పైకి వెళ్ళేదాకా లైను తెగకుండా సర్వీసు ఇవ్వలేరు, అంటే మొదటి బిల్లు రాకముందే ఖర్చులో చాలా భాగం అయిపోతుంది. 500 కోట్ల డాలర్లకి పైగా పోసి 1998 నవంబరులో సర్వీసు మొదలుపెట్టిన ఉపగ్రహ ఫోన్ల కంపెనీ ఇరిడియం మరుసటి ఆగస్టుకే దివాలా అందుకే తీసింది. దాన్ని సుమారు రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కున్న కొత్త యజమానులు మాత్రం ఓడలకి, విమానాలకి, సైన్యాలకి, మారుమూల గనులకి సర్వీసు అమ్ముకుంటూ నిలదొక్కుకున్నారు.

ప్రశ్న: ఇలాంటి ఓటింగ్‌కి వెళ్ళకపోతే నష్టమా? మీటింగ్ నేనుండే ఊళ్ళో కాదు.
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: వెళ్ళనక్కర్లేదు, ప్రాక్సీ ఫారం (మీ బదులు ఇంకొకరు ఓటేసేలా అప్పగించే కాగితం) నింపి పంపండి, ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు. సాధారణంగా మీటింగ్‌కి 48 గంటల ముందే గడువు అయిపోతుంది. పడిన ఓట్లనే లెక్కిస్తారు, కాబట్టి చిన్న వాటాదారులు ఊరుకుంటే పెద్దవాళ్ళు అనుకున్నది జరిగిపోతుంది.