తరుగు లెక్క ఏజెంట్‌కు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా రైస్‌మిల్లు సాఫ్ట్‌వేర్‌లో తరుగు లెక్కించే ఫంక్షన్ ఉన్నా, ఏఐ ఏజెంట్ దాన్ని కనిపెట్టలేక మళ్లీ కొత్తది రాస్తోంది. అర్థాన్ని బట్టి కోడ్ వెతికే సాధనం పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: తప్పకుండా పెట్టుకోండి. ఫైళ్లలో వెతకడానికి ఏజెంట్లు సాధారణంగా వాడే 1973 నాటి గ్రెప్ అనే సాధనం అక్షరాలనే పోలుస్తుంది కనుక, ధాన్యంలో తేమకు తీసే తరుగును లెక్కించే ఫంక్షన్‌కు ఎవరో ‘అడ్జస్ట్ వెయిట్’ అని పేరు పెట్టి ఉంటే, ‘మాయిశ్చర్’ అని వెతికే ఏజెంట్‌కు అది చిక్కదు. మీరడిగిన సాధనం కోడ్‌ను ఫంక్షన్లవారీగా విడదీసి, ఒక్కో ముక్క భావాన్ని వందల అంకెల వరుసగా మార్చి దాచుకుని, ప్రశ్నకు దగ్గరగా ఉన్నవాటినే అందిస్తుంది. ఫైళ్లన్నీ చదివే పని తప్పి టోకెన్లూ (ఏఐ చదివే, రాసే పాఠాన్ని కొలిచే ముక్కలు) మిగులుతాయి. కోడ్ మారినప్పుడల్లా ఇండెక్స్‌ను, అంటే అలా దాచుకున్న అంకెల పట్టికను, తాజాపరచడం మాత్రం మరవకండి, లేకపోతే తీసేసిన ఫంక్షన్‌నే చూపిస్తుంది. కచ్చితమైన పేరు తెలిసినచోట గ్రెప్పే మేలు.