వద్దంటే మావారి ప్రమోషన్ ఆగిపోతుందా?

ప్రశ్న: మావారు సైన్యంలో హవల్దారు. రెండేళ్లుగా సరిహద్దులో ఉన్నారు. నేను, ఇద్దరు పిల్లలు, అత్తగారు సికింద్రాబాద్ క్వార్టర్లలో ఉంటున్నాం. సైనికుల భార్యల సంఘం ‘ఆవా’ తరఫున, హిందీ రాని కొత్త కోడళ్లకు ఆస్పత్రికి తోడు వెళ్తుంటాను. ఒకమ్మాయి ‘దస్త్’ అంటే దగ్గు అనుకుని ఎం.ఐ. రూములో (యూనిట్ వైద్యశాల) తల ఊపింది. దగ్గుతున్న బిడ్డకు విరేచనాలు కట్టే మందు రాసిచ్చారు! అప్పటినుంచి అందరూ నన్నే పిలుస్తున్నారు. దానికి తోడు మీటింగులకు డాన్సు ప్రాక్టీసులు. ఆరో తరగతి బాబుకు మార్కులు తగ్గాయి. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత’ అంటారు అత్తగారు. వద్దంటే మావారి ప్రమోషన్‌కు అడ్డవుతుందేమోనని భయం.

జవాబు: ముందు ఆ భయం సంగతి చూద్దాం. హవల్దారు నాయబ్ సుబేదార్ కావడానికి చూసేది ఆయన కోర్సులు, రిపోర్టులు, సీనియారిటీ, ఖాళీలు. మీ డాన్సుకు అందులో మార్కులు లేవు. 1966లో మొదలైన ఆవా స్వచ్ఛంద సంస్థ. అయితే దేశం మొత్తానికి సైన్యాధిపతి భార్య అధ్యక్షురాలు, యూనిట్‌లో కమాండింగ్ ఆఫీసర్ భార్య పెద్ద. అందుకే అక్కడ ‘వస్తారా?’ అని అడిగినా ‘రండి’ అన్నట్టే వినిపిస్తుంది. మీటింగు రోజు మొహం చాటేయకుండా, వారం ముందే ఆవిడను కలిసి ‘మేడమ్, డాన్సుకు రాలేను, ఆస్పత్రి పని మాత్రం చూస్తాను’ అని చెప్పండి. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఆస్పత్రి పని మానొద్దు. వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు. ఒక కాగితం మీద బుఖార్, ఖాంసీ, దస్త్, ఉల్టీ అని తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి ఆ అమ్మాయిల చేతికివ్వండి. మూడోసారి వాళ్లే వెళ్తారు. మీరు గుమ్మం దగ్గర నిలబడండి, అంతే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. రెండు పేజీల ఉత్తరంలో మీవారితో ఏం మాట్లాడుకుంటారో ఒక్క వాక్యమూ లేదు. బాబు మార్కుల సంగతి ఆయనకు చెప్పారా? అంత దూరంలో ఉన్న మనిషిని కంగారు పెట్టడం ఎందుకని దాచి, ఆ దిగులును ఊరందరి పనితో కప్పేస్తున్నారని నా అనుమానం. చెప్పండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోను పక్కన పెట్టి బాబు దగ్గర కూర్చోండి. ఎవరికైనా ఆస్పత్రి అవసరమైతే తలుపు తడతారు.

అత్తగారి మాటలో నాకు వినిపించింది కోపం కంటే ఒంటరితనమే. పలకరించే మనిషి లేని క్వార్టర్లో పొద్దంతా ఆవిడేం చేయాలి? ఆ పసిబిడ్డ ఇంటికి ఈసారి ఆవిడనూ తీసుకెళ్లండి. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం ఆ అమ్మాయికి ఎవరూ నేర్పి ఉండరు.