బెంగళూరు మల్లేశ్వరంలో పాత ఇళ్లు చూపించబోయే మా మేనకోడలికి

అమ్మలూ,

మల్లేశ్వరంలో జనాన్ని వెంటబెట్టుకుని పాత ఇళ్లు చూపించే నడక మొదలుపెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో దిగులు, నాకేమో పట్టలేనంత సంతోషం. రాత్రి పడుకునేసరికి ఆ దిగులు నాకూ అంటుకుంది. ఫోను చేస్తే “సరే మామయ్యా, సరే మామయ్యా” అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, కూర్చుని చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఆదివారం పొద్దున ఏడింటికల్లా బయలుదేరండి. పన్నెండు మందికి మించి తీసుకువెళ్లకు. నీళ్ల సీసా, గొడుగు తెచ్చుకోమని ముందే చెప్పు. పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికి, బాత్‌రూముకు వెళ్లడానికి ఒక చోటు మాట్లాడి ఉంచు. రెండు గంటల్లో ఇరవై ఇళ్లు అన్నావట! అంత పరుగెందుకు? ఆరు చాలు.

నీ వెంట వచ్చేవాళ్ల వైపు తిరిగి మాట్లాడుతూ వెనక్కి మాత్రం నడవకు. సంపిగె రోడ్డులో స్కూటర్లు ఏ వైపు నుంచి వస్తాయో దేవుడికే తెలియాలి. ఫుట్‌పాత్ బండల మధ్య సందులో కాలు ఇరుక్కుంటే ఆ నడక ఆసుపత్రిలో ముగుస్తుంది. ఆగు, అందరూ చేరాక మాట్లాడు, మాట్లాడటం అయ్యాక నడువు. ఇది నువ్వు తేలిగ్గా తీసుకుంటావని తెలుసు కాబట్టే గట్టిగా చెబుతున్నాను.

మొదటి ఇంటి దగ్గరికి వెళ్లకముందే ఈ పేటకు జనం ఎందుకు వచ్చారో చెప్పు. 1898లో బెంగళూరును ప్లేగు పట్టుకుంది. కిక్కిరిసిన పాత పేట నుంచి జనం మల్లేశ్వరం, బసవనగుడి వంటి కొత్త పేటలకు తరలివచ్చారు. తిన్నని వీధులు, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం, గాలి వెలుతురు వచ్చే వరండాలు చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటాయి. వాటి వెనక ఉన్న ప్రాణభయం కూడా వాళ్లకు తెలియాలి. తర్వాత వాళ్లను ఇళ్ల వెనక సందులోకి తీసుకువెళ్లు. పాయిఖానాలు శుభ్రం చేసేవాళ్లు ముందు వీధిలో కనపడకుండా వచ్చిపోవడానికి వదిలిన సందులవి. ఆ పని ఎవరిచేత చేయించారో దాచకుండా చెప్పు. కిటికీల మీద మొనదేలిన చెక్క గొడుగుల్లా ఉండే మంకీ టాపులను మెచ్చుకుని ఈ సందును దాటేస్తే సగం ఇల్లే చూపించినట్టు.

ఇల్లు ఏ ఏడు కట్టారో చెప్పడానికి తొందరపడకు. పాత మంగళూరు పెంకులు కొన్నిటి మీద బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పేరు, దాని పక్కన 1865 అని అచ్చు ఉంటుంది. వాళ్లు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టిన ఏడు అది. దాన్ని చూసి “ఈ ఇల్లు 1865 నాటిది” అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. గోడ పెచ్చు ఊడినచోట చూడు, ముట్టుకోకుండా కళ్లతోనే. ఇటుకల మధ్య తెలుపో లేత గులాబీ రంగో కనిపిస్తే అది సున్నం, దానిలో కలిపిన ఇటుక పొడి. బూడిద రంగైతే సిమెంటు. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోక గోడ ఉబ్బుతుంది. నా ఉద్యోగమంతా ఆ పూతలు గీకించడంతోనే గడిచింది. కరెంటు బెంగళూరుకు 1905లో వచ్చింది. అంతకు ముందు కట్టిన ఇల్లయితే తీగలు తర్వాత చేరినవే. ఇలా ఒక్కొక్క ఆనవాలూ చూపించు, వయసు వాళ్లనే ఊహించమను.

ఇక అసలు భయానికి వస్తాను. ఒకసారి నేనూ ఇలాంటి నడకలో వెనక వరసలో నడుస్తున్నాను. నడిపిస్తున్నాయన బాగా చదువుకున్నవాడు, మంచి మాటకారి. ఒక ఇంటి గేటు ముందు ఆగి మంకీ టాపులు చూపించాడు, ఎర్ర గచ్చు గురించి చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! “ఇప్పుడు ఇందులో పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పిల్లలు విదేశాల్లో. అన్నదమ్ములకు పడదు. ఆవిడ తర్వాత ఇది అపార్ట్‌మెంటే” అన్నాడు. వరండాకు అడ్డంగా చెక్క జాలీ ఉంది. బయట ఎండ, లోపల నీడ. జాలీ వెనక ఎవరైనా ఉన్నా మనకు కనపడరు, మనం మాత్రం వాళ్లకు స్పష్టంగా కనిపిస్తాం, వినిపిస్తాం. ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారు. మెల్లగా మెట్లు దిగి గేటు దాకా వచ్చి కన్నడంలో ఒకే మాట అడిగారు: “ఎంతకు పోతుందంటారు?”

ఎవరూ నోరు మెదపలేదు. ఆ గుంపులో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, గేటు మీద ఇంటి నంబరుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు గేటుకు లోపలి నుంచి రేకు కొట్టించారు. దళారులు వరసపెట్టి వచ్చి విసిగిస్తున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. ఒంటరి ముసలమ్మ, విలువైన స్థలం, పడని అన్నదమ్ములు: ఈ మూడూ ఒక్క ఊపిరిలో వీధిలో అరిచి చెబితే ఎవరి చెవిన పడుతుందో నీకు తెలుసా? మీ అమ్మమ్మ చివరి రోజుల్లో ఒంటరిగానే ఉండేది కదా. ఆవిడ గేటు ముందు ఎవరైనా అలా మాట్లాడి ఉంటే నువ్వు ఊరుకునేదానివా?

కాబట్టి ప్రతి ఇంటివాళ్లనూ వారం ముందే స్వయంగా కలువు. కన్నడంలో రాసిన కాగితం చేతికివ్వు. నువ్వు ఏం చెప్పబోతున్నావో వాళ్లకు చదివి వినిపించు. వద్దంటే ఆ ఇంటి ముందు ఆగకు. ఎవరుంటారు, ఎందరుంటారు, ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుంది, ఆస్తి ఎవరి పేరున ఉంది, ఈ మాటలు నీ నోట రాకూడదు. ఇంటి నంబరు ఫొటోల్లో పడకుండా చూడు. అందరూ సి.వి. రామన్ గారి ‘పంచవటి’ గురించి అడుగుతారు. దాని గురించి ఎంతైనా చెప్పు, అది లోకానికి తెలిసిన ఇల్లే. మిగతావి ఎవరో కాపురముంటున్న ఇళ్లు.

ఎవరైనా లోపలికి పిలిస్తే చెప్పులు బయట విప్పి, కాళ్లు తుడుచుకుని వెళ్లండి. ఎర్ర గచ్చు మీద ఇసుక రేణువు ఈడిస్తే గీత పడిపోతుంది. నాలుగేళ్లప్పుడు నువ్వు మా ఇంటి గచ్చు మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి “మామయ్యా, ఇది చల్లగా ఎందుకుంది?” అని అడిగేదానివి. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ని. నువ్వు నమ్మకుండా మళ్లీ అడిగేదానివి. ఆ పిల్ల ఇప్పుడు పది మందికి ఇళ్లు చూపిస్తుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో ఈ కాగితం మీద రాయలేను.

ఎంచుకున్న ఆరు ఇళ్ల జాబితా, నడిచే దారి పటం ఈ వారంలోనే పంపు. ఎక్కడ రోడ్డు దాటాలో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను. మొదటి ఆదివారం నేనూ వస్తాను. నువ్వు మాట్లాడుతుంటే అడ్డు రాను, రోడ్డు వైపు నిలబడి బండ్లు చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మామయ్య