సూపర్‌వైజర్ పోస్టు తీసేసి చార్టు అంటించారు

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. పండు నుంచి గుజ్జు తీసే పల్పర్, దాన్ని వేడిచేసే పాశ్చరైజర్, నింపే ఫిల్లింగ్ మిషన్ మూడూ చూస్తాను. చదువు ఇంటర్ ఫెయిల్. ఈసారి సూపర్‌వైజర్ పోస్టు నీదేనని అందరూ అన్నారు. కొత్తగా వచ్చిన హెచ్ఆర్ ఆయన మాత్రం ఇకమీదట పోస్టులు కాదు, స్కిల్స్ చూస్తామని గోడకు చార్టు అంటించాడు. మా పేర్లు, ఎదురుగా ఒక్కో పనికి ఒక్కో గుండ్రం. నావి చాలావరకు సగమే నింపారు. ఇది ప్రమోషన్ ఎగ్గొట్టే ఎత్తేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, ఎత్తో కాదో చార్టు ఒక్కటీ చూసి చెప్పలేం. ముందు ఆ గుండ్రాల సంగతి తెలుసుకోండి. మామూలుగా పావు వంతు నింపితే నేర్చుకుంటున్నాడని, సగమైతే పక్కన ఒకరుంటే చేస్తాడని, ముప్పావైతే ఒంటరిగా చేస్తాడని, పూర్తిగా నింపితే ఇంకొకరికి నేర్పగలడని అర్థం. అంటే మీకు చాలా పనుల్లో ఇంకా తోడు కావాలని రాశారన్నమాట, తొమ్మిదేళ్ల తర్వాత! మిషన్ దగ్గర మిమ్మల్ని నిలబెట్టి చూసి నింపారా, ఏసీ గదిలో కూర్చుని నింపారా? ముందు అది అడగండి.

ఈ పద్ధతి మీద నాకేం కోపం లేదు. హెచ్ఆర్‌లో నేను చేసిన ఒక తప్పు వల్లే దీని విలువ తెలిసింది. అప్పట్లో నేను పనిచేసిన గుజ్జు ఫ్యాక్టరీలో ఒక పెద్దాయన ఉండేవాడు. రిజిస్టర్‌లో 'హెల్పర్'. పల్పర్ చప్పుడు కాస్త మారితే చాలు, తింటున్న అన్నం ముద్ద వదిలేసి వచ్చేవాడు. జల్లెడ ఎక్కడ చిరిగిందో చేత్తో తడిమి చెప్పేవాడు. తోతాపురి గుజ్జు చుక్క నాలుక మీద వేసుకుని '14 రాలేదమ్మా' అంటే, తర్వాత తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్, అంటే చక్కెర లెక్క, 13.6 కనిపించేది. సూపర్‌వైజర్ ఖాళీ వచ్చినప్పుడు డిప్లొమా లేదని ఆయన పేరు కొట్టేసింది నేనే. ఆ జూన్‌లో ఆయనకు వారం రోజులు జ్వరం. జల్లెడ చిరిగినట్టు ఎవరూ కనిపెట్టలేదు, గుజ్జులో నల్ల నలకలు పడ్డాయి. ఒక్కోటి 215 కిలోల డ్రమ్ములు, వరసగా పక్కన పెట్టించాం. ఆయన పని ఇంకెవరికీ నేర్పించలేదు. హెల్పర్ దగ్గర నేర్చుకునేది ఏముంటుందని మా ఆలోచన మరి.

చార్టు సరిగ్గా నింపితే ఇలాంటి మనుషులు పైకి తేలుతారు. కంపెనీల తొందరకు కారణమూ ఉంది. 2030 నాటికి ఉద్యోగుల ముఖ్యమైన నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని యజమానులు అనుకుంటున్నట్టు ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక చెప్పింది. మీ దగ్గరే చూడండి. మామిడి అయిపోయాక జామో, టొమాటోనో వస్తే లైన్ మారుతుంది, మీ హోదా మాత్రం అదే ఉంటుంది.

కానీ జీతం కలపకుండా గుండ్రాలు నింపితే అది ముగ్గురి పని ఒక్కడి చేత చేయించే ఉపాయమే, నేను కళ్లారా చూశాను. ఏ గుండ్రం నిండితే ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లకోసారి పరీక్ష, తేడా అనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఇవి కాగితం మీద అడగండి. కనీస వేతనాల లెక్క ఇప్పటికీ అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అనే మెట్ల మీదే నడుస్తుంది కాబట్టి, మిమ్మల్ని ఏ మెట్టులో రాశారో కూడా చూసుకోండి. ఇక బాయిలర్ వైపు పంపుతామంటే ఒప్పుకోకండి. అక్కడ గుండ్రాలు చెల్లవు, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఉండాల్సిందే.

ఈ ఆదివారం ఒక నోట్‌బుక్ తీసి మీరు చేసే పనులు రాయండి. 'పల్పర్ ఆపరేటర్' అని కాదు. 'జల్లెడ విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తాను', 'పాశ్చరైజర్ వేడి తగ్గితే గుజ్జును వెనక్కి మళ్లిస్తాను', 'కొత్త కుర్రాళ్లు ఇద్దరికి ఫిల్లింగ్ నేర్పాను'. ఆ చివరిది ఉంటే ఫిల్లింగ్ గుండ్రం మొత్తం నిండాలి కదా! ఇంటర్ గురించి దిగులు వద్దు. పని చేస్తూ నేర్చుకున్నదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ యోజనలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. దగ్గర్లోని స్కిల్ సెంటర్‌లో మీ పనికి ఉందేమో కనుక్కోండి.

హెచ్ఆర్ ఆయనతో ఈ మాటలన్నీ ఏప్రిల్ లోపే తేల్చుకోండి. మే నెలలో కాయల ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరాక ఆయన మీ ఫోన్ ఎత్తడు. నేనూ ఎత్తేదాన్ని కాదు.