అమ్మకు వెయ్యి పున్నములు: డెబ్బై మందిని పిలవాలంటే అప్పు చేయాల్సిందేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నేను రాజమండ్రిలో ఒక ధాన్యం మిల్లులో లెక్కలు రాస్తాను. జీతం 38,000. నా భార్య బట్టలు కుట్టి నెలకు ఆరువేల దాకా తెస్తుంది. అన్నీ పోను ఏడువేలు మిగులుతాయి. పాప ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాయబోతోంది, దాని చదువు కోసం 1,80,000 ఎఫ్‌డీ వేశాను. మేం ఆరుగురం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లం. అమ్మకు ఈ ఏడాది 81 వస్తాయి. వచ్చే సంక్రాంతికి సహస్ర చంద్ర దర్శనం (వెయ్యి పున్నములు చూసిన పెద్దవాళ్లకు చేసే వేడుక) చేసి, పిల్లలూ మనవలూ మునిమనవలూ అందరినీ ఒకచోట చేర్చాలని నా కోరిక. మొత్తం డెబ్బై మంది ఉంటాం. ఫంక్షన్ హాలు, క్యాటరింగ్, బట్టలు, వీడియో అన్నీ కలిపి 3,10,000 లెక్క తేలింది. రెండు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది ఎఫ్‌డీలోంచి తీద్దామనుకుంటున్నాను. మిగతావాళ్లను అడగడానికి మొహమాటంగా ఉంది. అమ్మ మాత్రం "అందరూ ఒక్క బంతిలో కూర్చుని తింటే చాలురా" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆఖరి మాట. అమ్మ ఏం కావాలో చెప్పేశారు. హాలు అడగలేదు, వీడియో అడగలేదు, ఒక్క బంతి అడిగారు. మీ 3,10,000లో ఆ బంతికి అయ్యే ఖర్చు ఎంతో వేరుగా రాసి చూడండి. మూడో వంతు కూడా ఉండదు.

ముందు అప్పు సంగతి. రెండు లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 6,840 కట్టాలి. మీకు మిగిలేదే ఏడువేలు. అంటే మూడేళ్ల పాటు మీ ఇంట్లో పొదుపు ఉండదు, వడ్డీ కింద 46,000 దాకా పోతుంది. ఆ మూడేళ్లూ పాప కాలేజీలో ఉంటుంది. ఎఫ్‌డీ ఈ ఏడాదే అవసరమయ్యే డబ్బు. అడ్మిషన్ల సమయంలో ఫీజు కట్టమన్నప్పుడు చేతిలో ఉండాలి. గడువుకు ముందు తీస్తే బ్యాంకు వడ్డీలో కోత కూడా వేస్తుంది. దయచేసి ఆ ఎఫ్‌డీని ఈ లెక్కలోకే తీసుకురావద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా మేనమామ ఇలాగే చేశారు. మా అమ్మమ్మ కోసం బంధువులందరినీ పిలిచి, ఖర్చంతా ఒక్కరే నెత్తిన వేసుకున్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారని మాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఏడాదికి 36 శాతం. ఆ రెండేళ్లూ ఆయన ఏ పెళ్లికీ రాలేదు. పిలిస్తే చదివింపులు పట్టుకెళ్లాలి కదా, చేతిలో లేక మానేశారు. అందరినీ కలపాలనుకున్న మనిషే అందరికీ దూరమయ్యారు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే తలా కాస్త వేసుకునేవాళ్లం. ఆ బాధ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు తేదీ. సంక్రాంతికి వద్దు. ఆ వారం రైళ్లలో చోటు దొరకదు, ప్రైవేటు బస్సుల చార్జీలు ఆకాశంలో ఉంటాయి, ప్రభల తీర్థానికీ కోడిపందాలకూ వచ్చే జనంతో మీ వైపు లాడ్జి గదులు దొరకడమే కష్టం. అంతకు మూడు వారాల ముందు, క్రిస్మస్ వారంలో వచ్చే శని, ఆదివారాలు చూడండి. అది ధనుర్మాసం. పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి వంటవాళ్లు, టెంట్ హౌస్ వాళ్లు ఖాళీగా ఉంటారు, బేరానికి దిగుతారు. ఆఫీసుల్లో సెలవులు కలిసొస్తాయి, అమెరికాలో ఎవరైనా ఉంటే వాళ్లకూ వీలు. పూజకు ఆ రోజులు కుదరవని పురోహితుడు గారు అంటే, అమ్మ జన్మ నక్షత్రం వచ్చిన మంచి రోజున ఇంటి మటుకు పూజ చేయించి, అందరి కలయిక డిసెంబరులో పెట్టుకోండి. వెయ్యి పున్నములు నిండటానికి 81 ఏళ్లకు ఒకటి రెండు నెలలు తక్కువ పడుతుంది. అమ్మకు ఆ లెక్క ఈ ఏడాదే నిండుతోంది కనుక నెల అటూ ఇటూ అయినా ఏమీ తప్పిపోదు.

శనివారం సాయంత్రం చేరడం, ఆదివారం మధ్యాహ్నం భోజనాలు చేసి బయల్దేరడం. మూడు పూటలు చాలు. శనివారం రాత్రి డెబ్బై, ఆదివారం టిఫిన్ డెబ్బై, మధ్యాహ్నం ఊళ్లో దగ్గరవాళ్లతో కలిపి నూట పది. మొత్తం 250 విస్తళ్లు.

వంట మీ పెరట్లోనే. మాస్టరు, ఇద్దరు ముగ్గురు సహాయకులకు 15,000 అనుకుందాం. సరుకులు, గ్యాస్, పాలు, పెరుగు కలిపి విస్తరికి సగటున 110 వేస్తే 27,500. మనిషికి పూటకు నూరు నుంచి నూట ఇరవై గ్రాముల బియ్యం సరిపోతుంది. రెండు పూటల భోజనాలకూ ఒక్క 26 కిలోల బస్తా చాలు. సాధారణంగా డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, భయపడి రెండు బస్తాలు వండించేస్తారు. కూరలు నాలుగు కాదు, రెండు. కంద బచ్చలి ఒకటి, వంకాయ ఒకటి, ముద్దపప్పు, పులిహోర, పూర్ణం బూరెలు, గడ్డపెరుగు. మీ వైపు ఇంతకంటే మంచి భోజనం ఏ క్యాటరింగు వాళ్లూ పెట్టలేరు. కొబ్బరికాయలు, అరిటాకులు దొడ్లోవే ఉంటాయి. గెలలు కావాలంటే రావులపాలెం మార్కెట్లో తెచ్చుకోండి.

షామియానా, కుర్చీలు, బల్లలు, గుండిగలకు 14,000. పరుపులు, దిండ్లు అద్దెకు 5,000. నీళ్ల క్యాన్లు, గ్లాసులు వగైరా 4,000. పూజా సామగ్రికి, పురోహితులకు 12,000. అమ్మకు పట్టుచీర, మిగిలిన తాంబూలాలకు 6,000. అందరికీ కొత్త బట్టలు మాత్రం తీసేయండి. ఎవరి దగ్గరున్న మంచి బట్టలు వాళ్లు కట్టుకు వస్తారు. వీడియో, డ్రోన్ కూడా వద్దు. ఒక ఫొటోగ్రాఫర్‌ను ఆదివారం ఉదయం పూటకే మాట్లాడుకుని, అమ్మ మధ్యలో ఉన్న పెద్ద ఫొటో ఒకటి తీయించి, ఇంటికొక కాపీ వేయిస్తే 7,000లో అయిపోతుంది. అమ్మ చిన్ననాటి కబుర్లు చెబుతుంటే మనవడెవరైనా ఫోన్‌లో రికార్డు చేస్తాడు.

డెబ్బై మందితో అసలు చిక్కు భోజనం కాదు, బాత్రూములు. దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు, ఆదివారం తెల్లవారుజామున తెలుస్తుంది. మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో, బాబాయిల ఇళ్లలో, పక్కిళ్లలో ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి, ఏ కుటుంబం ఎక్కడ దిగుతుందో ఇప్పుడే పంచండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, పసిపిల్లల తల్లులకు అమలాపురంలో నాలుగు గదులు తీసుకోండి, 6,000 అవుతుంది. ఈ ఖర్చులో మాత్రం కక్కుర్తి పడవద్దు.

ప్రయాణాల సంగతి. అమలాపురానికి రైలు లేదు కాబట్టి హైదరాబాద్ వాళ్లు గౌతమి లేదా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, పాత 120 రోజుల లెక్క 2024 నవంబరు నుంచి లేదు. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టి, ముందు రోజు అందరికీ ఫోన్ చేసి చెప్పండి. స్టేషన్ నుంచి ఊరికి వ్యాన్ తిప్పడానికి 8,000 వేయండి. మన రాష్ట్రం చిరునామాతో గుర్తింపు కార్డున్న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాకినాడ, తణుకు నుంచి వచ్చేవాళ్లు దాన్ని వాడుకోవచ్చు. హైదరాబాద్ చిరునామా ఉన్నవాళ్లకు అది ఇక్కడ వర్తించదు, తీరా ఎక్కాక గొడవ పడకుండా ముందే చెప్పండి.

అనుకోని ఖర్చులకు 10,500 పక్కన పెడితే మొత్తం 1,15,000. మీరు వేసిన దానిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. రేట్లు మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి, ఇద్దరు ముగ్గురిని అడిగి సరిచూసుకోండి.

ఇందులో మీ వంతు కోసం నెలకు 3,000 చొప్పున పది నెలలు దాచండి. పది నెలలకు ఒప్పుకునే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరవండి. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా పెట్టండి. 30,000 మీద కొంత వడ్డీ కూడా వస్తుంది. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి పనికిరాదు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయడానికి ఒప్పుకోరు. వీధిలో ఎవరో నడిపే చీటీలో చేరి పాడుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. రిజిస్టర్ కాని చీటీ మూతపడితే మీ గోడు వినేవారుండరు. మ్యూచువల్ ఫండ్ కూడా వద్దు, పది నెలల్లో మార్కెట్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక మీరు మొహమాటపడుతున్న విషయం. అమ్మ మీ ఒక్కరికే అమ్మ కాదు. మీరొక్కరే ఖర్చు పెట్టుకుంటే మిగతా ఐదుగురూ తమ తల్లి వేడుకకు చుట్టాల్లా వచ్చి వెళ్తారు. అది వాళ్లకు మీరు చేసే అన్యాయం. నేనైతే అడగడాన్ని గౌరవం అనే అనుకుంటాను.

అయితే అడిగే తీరు ఉంది. ఫ్యామిలీ గ్రూపులో "తలా ఇరవై వేలు" అని మెసేజ్ పెట్టవద్దు. అమెరికాలో తమ్ముడుంటే అతనికి అది ఒక పూట హోటల్ బిల్లు కావచ్చు, తణుకులో ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఆడపడుచు ఉంటే ఆమెకు మూడు నెలల తిండి. సమానంగా పంచడం ఎప్పుడూ న్యాయం కాదు. మీకు అన్నయ్య ఉంటే ముందు ఆయనకు ఫోన్ చేయండి, ఆయన్ను దాటి గ్రూపులో రాస్తే పెద్దరికం నొచ్చుకుంటుంది. ఆయన సరే అన్నాక అక్కకు, తర్వాత మిగతావాళ్లకు విడివిడిగా. మాటలు వెతుక్కోవాల్సి వస్తే ఇలా చెప్పండి: "అమ్మ అందరం ఒక్క బంతిలో తినాలంటోంది. మొత్తం లక్షా పదిహేను వేలు లెక్క వేశాను, కాగితం నీకు పంపుతున్నాను. వ్యాన్లు, గదులు, అనుకోని ఖర్చులు నేను చూసుకుంటాను. మిగతా వాటిలో నీకు వీలైనది ఒకటి తీసుకో. ఏదీ కుదరకపోయినా నువ్వు రావడం ముఖ్యం."

డబ్బు అడగకుండా పని అడుగుతున్నారు, తేడా అక్కడ ఉంది. వంటవాళ్లు, సరుకులు కలిపి 42,500 తమ్ముడు తీసుకోవచ్చు. టెంటు, పరుపులు, నీళ్లు 23,000 బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే చెల్లెలు. పూజ, చీర 18,000 అన్నయ్య. ఫొటో 7,000 అక్క. మీకు 24,500 పడుతుంది, ఆర్‌డీలో మిగిలే ఐదారు వేలు మీ సొంత ఖర్చులకు. మీ ఇంట్లో ఎవరు ఏ పరిస్థితిలో ఉన్నారో మీరు రాయలేదు, కాబట్టి ఈ పంపకాన్ని నమూనాగానే తీసుకోండి. ఇబ్బందుల్లో ఉన్న తోబుట్టువును డబ్బు అసలు అడగకండి. "బూరెలు నీ చేతివే కావాలి, వంటవాళ్ల దగ్గర నువ్వు నిలబడాలి" అనండి. ఆమె వంతు అదే, ఎవరికీ తక్కువ కాదు. ఏదైనా ఖర్చు ఎవరూ తీసుకోకపోతే దాన్ని తగ్గించండి, మీరు భుజాన వేసుకోకండి.

విదేశం నుంచి తమ్ముడు పంపితే నేరుగా అమ్మ ఖాతాకే వేయమనండి. కొడుకు తల్లికి, తోబుట్టువు తోబుట్టువుకు ఇచ్చే డబ్బు మీద పుచ్చుకున్నవాళ్లకు ఆదాయపు పన్ను పడదు. లెక్కలు మీరు మిల్లులో రాసినట్టే రాయండి. ఖర్చు మొత్తం అందరికీ చూపించండి, ఎవరు ఎంత ఇచ్చారన్నది మాత్రం మీకూ అన్నయ్యకూ తప్ప మూడో మనిషికి తెలియనివ్వవద్దు. ఆ కాగితం ఒకరి చేతికి వెళ్లిందంటే పదేళ్ల పాటు అదే మాట తిరుగుతుంది.

ఈ వారంలోనే ఆర్‌డీ తెరిచి, ఆదివారం అన్నయ్యతో మాట్లాడండి. పక్కన పెట్టిన 10,500లో ఏమైనా మిగిలితే తిరిగి పంచుకోవద్దు. అమ్మ చేతికి ఇచ్చి, ఏం చేయాలో ఆమెనే చెప్పమనండి.